స్వీడను ఉత్తరసీమలో గుడ్ టెంప్లరుల లాడ్జి



'లాడ్జి' యన్న మాట వినగానే మీలో పలువురకు రైలు స్టేషను చెంతనుండు బస స్ఫురించును. నేను నేడు చెప్పబోవునది ఆ బస కాదు. ఒక సంఘములో చేరినవారు వారమున కొకమాఱు తలుపు మూసికొని కూడుకొనెడి చోటునకును, అట్లు కూడుకొనిన సమూహమునకును గూడ పడమటి దేశములలో లాడ్జి యనియే పేరు. ఫ్రీమేసనులనువారి లాడ్జీలు మన పట్టణములలో ఇంగ్లీషువారి కాలమునుండి కలవు. లోపల నేమి జరుగునో బయటివారికి తెలియదు గనుక ఉత్తర హిందూస్థానమున జనులు ఆ భవనములను 'జాదూఘర్' అనెడివారు. అనగా మాయల యిల్లు. నేను చెప్పబోవు లాడ్జికిని రహస్యపు మాట కలదు. వాకిట కావలివాడు కలడు. మెడలో పట్టీలు కలవు. కాని లోపల కూర్చున్నవారు దొరలు కారు. రంపపు మిల్లులో మ్రానులు మోయువారు, పడవలలో పలకలు నింపువారు, వారి యాండ్రు, వారి ఇండ్లలో పనిచేయు పడుచులు. వారు చేసిన ప్రమాణ మొకటే: బ్రతికియున్నంతకాలము మత్తుపానీయము ముట్టమని.

ఈ వృత్తాంతము స్వీడను దేశమునకు చెందినది. ఆ దేశము ఐరోపాఖండపు ఉత్తరపు కొసను నిడుపుగా పడియున్నది. దాని ఉత్తరభాగమునకు నోర్లాండు అని పేరు. వైశాల్యములో దేశమున సగమునకు మించిన సీమ యది. జనము మాత్రము పలుచన. ఎటు చూచినను పైను, స్ప్రూసు వృక్షముల అడవులు; ఆ యడవుల నడుమనుండి తూర్పుగా ప్రవహించి బోత్నియా సింధుశాఖలో కలియు పెద్ద నదులు. మార్గశిర పుష్యములలో అచ్చటి సుండ్స్వాల్ పట్టణమున పగలు అయిదు గంటల సేపు నిలువదు. చలికాలమున చెట్లు నఱకి, మంచుమీద బండ్లతో నదుల యొడ్డునకు చేర్చి, వసంతమున మంచు కఱగి నీరు పొంగినప్పుడు ఆ మ్రానులను ప్రవాహమున వదలుదురు. అవి కొట్టుకొనివచ్చి నదీముఖముల కడ మిల్లులకు చేరును. 1849లో సుండ్స్వాలు చెంత తునదాల్ అనుచోట ఆ దేశపు మొదటి ఆవిరి రంపపు మిల్లు వెలసినది. ఆపై ముప్పది యేండ్లలో ఆ తీరమంతయు పొగగొట్టములు నిండెను. దక్షిణపు జిల్లాలలో భూమి లేని కూలీలు వేలకొలది అచ్చటికి వలసపోయిరి. వారుండెడి యిల్లు కంపెనీది. సరకులు కొనెడి అంగడియు పెక్కుచోట్ల కంపెనీదే.

ఇక సారా సంగతి. స్వీడనువారి సారాకు బ్రెన్విన్ అని పేరు. మొదట ధాన్యముతో కాచెడివారు. 1746లో ఎవా ఎకెబ్లాద్ అను జమీందారిణి బంగాళాదుంపలతో పిండియు సారాయు చేయవచ్చునని పరీక్షించి, ఆ విషయమును దేశపు విజ్ఞానపరిషత్తునకు వ్రాసి పంపెను. 1748లో ఆ పరిషత్తువారు ఇరువదినాలుగేండ్ల యామెను సభ్యురాలిగా ఎన్నుకొనిరి. ఆ సభలో ఆసనము పొందిన మొదటి స్త్రీ యామెయే. సారాకు దుంపలు వాడినచో ధాన్యము తిండికి మిగులునను లాభము ఆ పరిశోధనలో కలదు. కాని కాలక్రమమున దుంపల సారా ఎంతో చౌకయయ్యెను. 1829 నాటికి, దేశజనసంఖ్య ముప్పది లక్షలకు లోపుగా నున్నప్పుడు, లక్షన్నరకు మించిన సారాబట్టీలు దేశమున నుండెను. రైతు తన యింటనే కాచుకొనుట హక్కు. పొలముపనివానికి కూలిలో భాగముగా సారా కొలిచి యిచ్చెడి యాచారము కూడ కలదు.

దానిని మాన్పుటకు పూనుకొన్నవారిలో పీటర్ వీసెల్‌గ్రెన్ అను క్రైస్తవ మతాచార్యుడు ముఖ్యుడు. ఆయన కాలపు ఉద్యమము మతగురువులును పెద్దమనుష్యులును నడపినది. పైనుండి క్రిందికి చెప్పిన హితోపదేశము. సారాను వలదనిరి గాని బీరును విడువుమనలేదు. వారి కృషివలన 1855లో ఇంటింట సారా కాచుట చట్టముచే ఆగిపోయినది. బట్టీలు ఇండ్లనుండి ఫ్యాక్టరీలకు పోయినవి, అంతియే. 1865లో గోథెన్‌బర్గు పురమువారు ఇంకొక యుపాయము పన్నిరి: సారా అమ్మకమును ఒక కంపెనీకే యప్పగించి, లాభము పురపాలక సంఘమునకు చెందునట్లు చేసిరి. వీధిదీపములకు చమురు సారాలాభమునుండి వచ్చునప్పుడు, సారా తగ్గవలెనని ఆ సంఘమువారి కెంత కోరిక యుండును? ఎక్సైజు పద్దు సంగతి మనకును క్రొత్త కాదు.

ఈలోపున అమెరికాలో మఱియొక పద్ధతి పుట్టినది. 1851లో న్యూయార్కు రాష్ట్రమున కొందఱు కూడి ఒక సోదరసంఘమును స్థాపించిరి. మఱుసటియేడు అది ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ గుడ్ టెంప్లర్సు అను పేరు దాల్చెను. దీనికి రహస్యపు మాట, దీక్షావిధి, పదవులు, పట్టీలు మున్నగు వేషమంతయు ఫ్రీమేసనులవంటి పాత సంఘములనుండి వచ్చినదే. వేషము పాతది గాని లోపలి శరీరము వేఱు. మొదటినుండి స్త్రీలను పురుషులతో సమానముగా చేర్చుకొనిరి. స్త్రీకి ఓటు కలదు, ఏ పదవికైనను అర్హత కలదు. ఆ నాడు అమెరికాలో గాని ఐరోపాలో గాని ఇట్టి సభలు మిక్కిలి అరుదు. జోసెఫ్ మాలిన్సు అను ఇంగ్లీషువాడు పొట్టకూటికై అమెరికాకు పోయి, అచ్చట నీ సంఘమున చేరి, 1868లో స్వదేశమునకు మరలి బర్మింగ్‌హామున ఒక లాడ్జి తెఱచెను.

ఈ సంఘమునకు వచ్చిన పెద్ద పరీక్ష నొకదానిని చెప్పక తప్పదు. అమెరికా దక్షిణ రాష్ట్రములలోని లాడ్జీలు నల్లజాతివారిని రానీయమనిరి. సర్వమానవ సోదరత్వమును చెప్పెడి సంఘమున వాకిటివాడు ముఖపు రంగు చూచి లోనికి పంపవచ్చునా? 1876లో లూయీవిల్ నగరమున జరిగిన మహాసభలో ఈ వివాదము తెగలేదు. మాలిన్సును ఆయన పక్షమువారును సభ విడిచి లేచిపోయిరి. సంఘము రెండుగా చీలెను. పదునొకండేండ్లకు, 1887లో, మరల కలిసినది. ఆ చీలికలో మాలిన్సు సభ్యులను, ధనమును, పేరును పోగొట్టుకొనుటకు సిద్ధపడెను. కల్లు మానుమని చెప్పుట సులభము. ఎవరి ప్రక్కన కూర్చుందువని అడిగినప్పుడు మనుష్యుని నిజస్థితి బయటపడును. మన యూళ్ళలో నెందఱు సంస్కర్తలు ఆ ప్రశ్నకడ ఆగిపోయిరో నేను కన్నులార చూచితిని.

ఇప్పుడు మరల స్వీడను ఉత్తరసీమకు వత్తము. 1879వ సంవత్సరము. కలప ధర పడిపోయెను. సుండ్స్వాలు మిల్లుల యజమానులకు ప్రభుత్వము ముప్పది లక్షల క్రోనారుల ఋణ మిచ్చి ఆదుకొనెను. ఆ సాయము పొందిన యజమానులే పనివారి కూలి తగ్గించిరి. మే నెల కడపట సుమారు అయిదువేలమంది పనివారు పని మానిరి. ఆ దేశమున అంత పెద్ద సమ్మె అంతకుముం దెన్నడును లేదు. వారికి యూనియను లేదు, నిధి లేదు, నాయకులనదగినవారు లేరు. పట్టణము వెలుపలి మైదానమున కూడుకొని, కీర్తనలు పాడుచు, ప్రార్థనలు చేయుచు శాంతముగా నుండిరి. వారిలో మాటాడ నేర్చినవారు మతసభలలో ప్రార్థన చేయుట కలవాటుపడినవారు మాత్రమే. గవర్నరు కర్రీ ట్రెఫెన్‌బెర్గు సైనికులను రప్పించెను. ఫిరంగిపడవలు రేవునకు వచ్చినవి. పనికి పోనివారిని దేశదిమ్మరులుగా పట్టి శిక్షింతుమని బెదరించిరి. కంపెనీ యిండ్లనుండి కుటుంబములను వీధిలోనికి నెట్టిరి. జూను మొదటి దినములలోనే సమ్మె విఱిగిపోయెను. పాత కూలి రాలేదు సరిగదా, ముందు నిలిచినవారు చెఱసాల పాలయిరి.

ఆ పనివారు తమ కష్టమును ఎవరికి చెప్పుకొనవలెను? దేశపు శాసనసభకు ఓటు అయిదుగురు పురుషులలో సుమారు ఒక్కనికి మాత్రమే కలదు, స్త్రీలకు లేనేలేదు. గ్రామపరిపాలనలో నింకను విచిత్రము. 1862నాటి శాసనముచొప్పున గ్రామసభలో ఓటు తలకు కాదు, పన్నునకు. ఎంత పన్ను కట్టిన అన్ని ఓట్లు. కంపెనీలకును ఓట్లుండెను. 1871 లెక్కలనుబట్టి చూడగా ఏబదినాలుగు గ్రామసంఘములలో ఒక్కొక్క వ్యక్తికే సగమునకు మించిన ఓట్లుండెను. ఆయన యొక్కడు వచ్చి కుర్చీలో కూర్చున్నచో సభ నిండినట్లే. ఆయన తల యూపినచో తీర్మానము నెగ్గినట్లే. మన జమీందారీ గ్రామములను చూచిన పెద్దలకు ఈ చిత్రము అపరిచితము కాదు.

ఆ యేడే నవంబరు 5వ తేదీన, సుండ్స్వాలునకు బహుదూరముగా నైరుతి తీరముననున్న గోథెన్‌బర్గు రేవుపట్టణమున, ఓలోఫ్ బెర్గ్‌స్ట్రెమ్ అను బాప్టిస్టు బోధకుడు గుడ్ టెంప్లరుల మొదటి స్వీడిషు లాడ్జిని తెఱచెను. దానికి 'క్లిప్పన్' అని పేరు పెట్టిరి. అనగా శిలాస్థలము, రాతిబండ. సమ్మెకును దీనికిని నేరుగా సంబంధము లేదు. కాని మే నెలలో సభ చేయుట కూడ తెలియక ఓడిపోయిన జనమునకు, సభ చేయుట నేర్పెడి బడి ఆ నవంబరులో దేశపు మఱియొక మూల పుట్టినది. 1880 దశకమున ఆ లాడ్జీలు ఉత్తరమునకు ప్రాకి మిల్లు పల్లెలకు చేరెను.

క్రొత్త లాడ్జి తెఱచుట యెట్లో వినుడు. పొరుగూరినుండి ఒక బోధకుడు వచ్చును. బడిలోనో, ప్రార్థనామందిరములోనో, అదియు దొరకనిచో ఎవరి వంటయింటనో నాలుగు మాటలు చెప్పును. చేరుదుమన్నవారి పేళ్ళు వ్రాసికొని, దీక్ష యిచ్చి, వారిలోనుండియే పదవులకు మనుష్యులను ఎన్నుకొనునట్లు చేసి, విధి పుస్తకము చేతికిచ్చి తన దారిని పోవును. అంతటితో ఆ లాడ్జి ఆ యూరివారిది. మఱునాటినుండి వారే నడుపుకొనవలెను. అధ్యక్షుడు ఒక కొసను కూర్చుండును. ఉపాధ్యక్షపదవి పలుచోట్ల స్త్రీకి చెందును. కార్యదర్శి, కోశాధికారి, ప్రార్థన చెప్పువారు, లోపలి కావలి, వెలుపలి కావలి. మూడు నెలల కొకమాఱు రహస్యపు మాట మాఱును. చందా చెల్లించినవానికే ఆ మాట దొరకును. మూడు నెలల కొకమాఱే పదవులకు ఎన్నిక.

ఈ చివరి నియమమును చదివినప్పుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఆలోచించితిని. ఏటికి నాలుగు ఎన్నికలు! నలుబదిమందియున్న లాడ్జిలో నాలుగేండ్లలో ఇంచుమించుగా ప్రతివాడును ఏదో యొక కుర్చీలో కూర్చుండును. అక్షరము తడబడుచు వ్రాయువాడు కార్యదర్శియై సభావివరములు వ్రాసి మఱుసటివారము నిలిచి చదువవలెను. తప్పున్నచో సభవారు దిద్దుదురు. ముప్పది కాసులకు మించి చేతపట్టి యెఱుగనివాడు కోశాధికారియై పద్దు చూపవలెను. మాటాడదలచినవాడు లేచి అనుజ్ఞ వేడి మాటాడవలెను; ఒకడు మాటాడుచుండగా నింకొకడు నోరు తెఱవరాదు. పనిపెట్టు మేస్త్రీయు వాని క్రింది కూలియు ఒకే లాడ్జిలో నున్నచో, లోపల ఇద్దరును 'సోదరుడు' మాత్రమే. ఇంటిపని చేయు పిల్ల 'సోదరి'. ఎవ్వనికైనను ఓటు ఒక్కటే. బయట గ్రామసభలో కంపెనీకి వందలకొలది ఓట్లు. ఈ తలుపు లోపల కంపెనీకి ఓటే లేదు.

దీక్షావిధిని గూర్చి నవ్వువారు కలరు. పెద్దవయసువారు పట్టీలు ధరించి, చెక్కసుత్తి కొట్టుచు, రహస్యపు మాటలు గుసగుసలాడుకొనుట పిల్లల ఆటవలె నున్నదని ఆ నాటి పత్రికలును ఎగతాళి చేసినవి. నేను శాస్త్రపాఠశాలలో చదివినవాడను. విధిని చూచి నవ్వలేను. ఏ గౌరవమును ఎఱుగని మనుష్యునికి పదిమంది లేచి నిలిచి ఒక కుర్చీ చూపుటలో నున్న బలము నేనెఱుగుదును. ఉపనయనము నాడు వటువు ఒక్క పూటలో ఎంత పెద్దవాడగునో చూడలేదా?

ప్రమాణము తప్పి త్రాగినవానిని విచారింతురు. వాడు నిలిచి ఒప్పుకొనినచో మరల ప్రమాణము చేయించి చేర్చుకొందురు. అట్లు నాలుగైదు మాఱులు తప్పి నాలుగైదు మాఱులు చేరినవారును కలరు. సత్యము చెప్పవలెనన్నచో చేరినవారిలో చాలమంది ఏడాది రెండేండ్లకే జారిపోయిరి. పడుచులను చూడవచ్చిన పడుచువారు, పాటలకు వచ్చినవారు, చలిరాత్రి వెచ్చనిచోట కూర్చుండుటకు వచ్చినవారు — వీరందఱును లెక్కలోనివారే. 'సంఘశ్రేయస్సు' అని కార్యక్రమమున ఒక భాగముండెడిది. అందు పాటలు, పఠనములు, చర్చలు. కొన్ని లాడ్జీలలో సభ్యులు తామే చేతితో వ్రాసిన పత్రికను ఆ వేళ చదివి వినిపించెడివారు. చీలికలు స్వీడనునకును తప్పలేదు; 1888లో నేషనల్ గుడ్ టెంప్లర్ ఆర్డరను పేర వేఱొక సంఘ మేర్పడెను. అయినను 1910 నాటికి మూల సంఘములో సభ్యులు లక్షకు మించిరి.

మిల్లు యజమానులలో కొందఱు మొదట దీనిని మెచ్చుకొనిరి. త్రాగని కూలి సోమవారము పనికి సరిగా వచ్చును గదా! మందిరము కట్టుకొనుటకు స్థలము, కలప యిచ్చినవారును కలరు. కాని తెలివితో నుండి, పద్దు వ్రాయ నేర్చి, సభలో నిలిచి మాటాడ నేర్చినవాడు ఎల్లకాలము సోమవారము పనికి వచ్చుటతో తృప్తిపడడు. తరువాతి యేండ్లలో ఆ సీమలో కార్మికసంఘములను నిలిపినవారిలో పెక్కండ్రు ఈ లాడ్జీలలో మాట నేర్చినవారే.

నాకు మిక్కిలి ఇష్టమయిన ఘట్ట మింకొకటి కలదు. ఉపాధ్యాయుడను గనుక అట్లు తోచును కాబోలు. 1902లో లుండ్ పట్టణమున ఆస్కార్ ఓల్సన్ అను గుడ్ టెంప్లరు తన లాడ్జివారితో ఒక చదువుకూటమి ప్రారంభించెను. కొందఱు కలిసి తలకొక పుస్తకము కొనుటకు డబ్బు వేసికొందురు. ఒకరు చదివినది ఇంకొకరికి మాఱును. వారమున కొకనాడు కూర్చుండి చదివినదానిని చర్చింతురు. పిదప ఆ పుస్తకములన్నియు లాడ్జి గ్రంథాలయమునకు చేరును. కూటమికి నాయకుడు కలడు గాని గురువు లేడు. పండితుడు దొరకనిచోటను చదువు ఆగదు. 1912నుండి ప్రభుత్వము ఇట్టి గ్రంథాలయములకు ద్రవ్యసహాయము చేసినది. ఈ పద్ధతి దేశమంతటను వ్యాపించి నేటికిని నడుచుచున్నది. గురువు లేని చదువును పండితుడు మెచ్చుకొనుట వింతగా తోచవచ్చును. దానికి నా కారణము నాకు కలదు.

1991 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము జరిగినప్పుడు నేను ఒక పల్లెలో రాత్రిబడి నడపితిని. పెట్రోమాక్సు దీపము, నలుబదిమంది స్త్రీలు. పలకలు పట్టిన వారి చేతులు పగలంతయు నాట్లు వేసి వచ్చినవి. వాచకములో త్రాగుడువలన చెడిన కుటుంబపు కథ యొకటి వచ్చినది. అందఱును చదివిరి, కొందఱు కన్నీరు పెట్టిరి. అంతట ఏబది యేండ్ల యొక యమ్మ లేచి, "అయ్యవారూ, చదివినాం. మాకు తెలవని కత కాదిది. దీన్ని ఆపాలంటే ఎవురిని అడగాల?" అనెను. నాకు నోరు రాలేదు. మా బడికి తాటాకు పందిరి వేయించిన పెద్దమనిషియే ఆ యేటి సారాపాట పాడుకొన్నవాడు. "ముందు రేపటి పాఠము చదువుదాము, అమ్మా" అంటిని. ఆమె కూర్చుండెను. మఱుసటి సంవత్సరము ఆ జిల్లాలోనే దూబగుంట స్త్రీలు తమ యూరి సారాకొట్టు మూయించిరని పత్రికలో చదివితిని. 1993లో సారా నిషేధమయ్యెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. ఆ చరిత్ర మీరెఱిగినదే. ఆ రాత్రి ఆమెకు చెప్పలేని జవాబును వెదకుచునే నేను ఈ దూరదేశపు పుస్తకముల వఱకు పోయితిని. నావంటి అయ్యవారు నోరు మూసికొన్నచో ఆగిపోని బడి యెట్లుండునో చూడవలెనని నా కోరిక.

స్వీడనులో తరువాత నేమి జరిగినది? 1909 ఆగస్టులో దేశమంతట సార్వత్రిక సమ్మె జరిగెను. సుమారు మూడులక్షలమంది పని మానిరి. అల్లరి జరుగునను భయముతో ప్రభుత్వము ఆ దినములలో మద్యము అమ్మకము నిలిపివేసినది. దేశము ఆశ్చర్యకరముగా ప్రశాంతముగా నుండెను. ఆ యనుభవము చూచి మద్యనిషేధవాదులు ఆ యేడే తమంతట తాము దేశమంతటను జనాభిప్రాయము సేకరించిరి. పదునెనిమిది లక్షలకు మించినవారు నిషేధమునకు ఒప్పుకొనిరి. ఇది ప్రభుత్వము పెట్టిన ఎన్నిక కాదు. పేళ్ళు సేకరించినవారును వారే, లెక్కించినవారును వారే. శాసనసభకు ఓటు లేని స్త్రీలును ఇందు పాల్గొనిరి. పనివారు, స్త్రీలు అంత విశాలముగా తమ మాట చెప్పుట అదియే మొదలు. పురుషులకు సార్వజనిక మైన ఓటును అదే 1909లో శాసనమయినది. స్త్రీలు 1921లో మొదటిసారి శాసనసభకు ఓటు వేసిరి. ఆ సభలో లాడ్జీలనుండి వచ్చినవారు పెద్ద పక్షముగా నిలిచిరి. ఓల్సన్ సభ్యుడయ్యెను, అంతకుముందే ఎడ్వర్డ్ వావ్రిన్స్కీ యనువాడు సభ్యుడై, 1905నుండి ప్రపంచమందలి గుడ్ టెంప్లరుల కందఱకును అధ్యక్షుడుగా నుండెను.

నిషేధమునకు ఎదురుగా ఇవాన్ బ్రాట్ అను వైద్యుడు వేఱొక మార్గము చూపెను. మద్యము కొనువానికి ఒక పుస్తకము, అందు నెలకింత యని కొలత, కొన్నప్పుడెల్ల ముద్ర. మన రేషను కార్డువంటిది. 1914లో స్టాక్‌హోములో ఆరంభమయి 1917లో దేశమంతటికిని వ్యాపించినది. పెండ్లియైన స్త్రీకి సామాన్యముగా పుస్తక మీయరు; భర్త పుస్తకమే యింటికి చాలునని వారి వాదము.

తుదకు 1922 ఆగస్టు 27వ తేదీన ప్రభుత్వమే ప్రజలను అడిగెను: సంపూర్ణ నిషేధము కావలయునా, వలదా? ఆగస్టు నెల ఆ దేశమున ఎండ్రకాయజాతి మంచినీటి జలచరములను ఉడికించి, సారా త్రాగుచు తినెడి పండుగల కాలము. ఆల్బర్ట్ ఎంగ్‌స్ట్రెమ్ అను చిత్రకారుడు ఎఱ్ఱగా ఉడికిన ఆ జలచరములను, సారాను, ఉగ్రమైన ముఖముతో వ్రేలు చూపు మనుష్యుని వ్రాసి ఒక గోడపటము చేసెను. సారా లేనిదే ఈ విందెట్లని దాని సారాంశము. నలుబది యేండ్ల ఉపన్యాసములకును ఒక్క గోడపటమునకును పోటీ! పటము వలననే ఓడిరని నేననను. కాని ఫలితము వెంట్రుకవాసి. నిషేధము కోరినవారు నూటికి 49, వలదన్నవారు 51.

స్త్రీల చీటీలను పురుషుల చీటీలను ఆ యెన్నికలో వేఱువేఱుగా లెక్కించిరి. అందువలన ఒక సంగతి దాఁపఱికము లేక తెలియవచ్చినది: స్త్రీలలో ఎక్కువమంది నిషేధమునే కోరిరి, పురుషులలో ఎక్కువమంది వలదనిరి. రాజధాని వలదన్నది. వెస్టర్‌బోటెన్ మున్నగు ఉత్తరపు సీమలు పెద్ద సంఖ్యతో కావలెనన్నవి. మంచులో నడచి వారము వారము సభకు పోయిన పల్లెలు మాట తప్పలేదు.

ఈ ఉద్యమములో పైకి వచ్చిన కార్ల్ గుస్తాఫ్ ఎక్‌మన్ యనువాడు, చిన్ననాట పొలముపని చేసినవాడు, 1926లో దేశమునకు ప్రధానమంత్రి యయ్యెను. మరల 1930లో నయ్యెను. 1932లో అగ్గిపెట్టెల కోటీశ్వరుడు క్రూగర్‌కడ డబ్బు తీసికొనిన సంగతి దాచి, అది బయటపడగా పదవి విడిచిపెట్టవలసివచ్చెను. సారా ముట్టని చేయి చెక్కు ముట్టినది. ఈ సంగతియు చెప్పనిచో చరిత్ర చెప్పినట్లు కాదు.

బ్రాట్ పుస్తకములను 1955 అక్టోబరులో తీసివేసిరి. అప్పటినుండి అచ్చట మద్యము చిల్లరగా ప్రధానముగా ప్రభుత్వపు దుకాణములలో అమ్మబడుచున్నది. గుడ్ టెంప్లరుల సంఘము 1970లో మఱియొక సంఘముతో కలిసి నేటికిని కలదు గాని, మునుపటి సంఖ్య లేదు. పాత విధులును చాలవఱకు సడలినవి. పట్టీలు, చెక్కసుత్తులు ప్రదర్శనశాలలకు చేరినవి. ఉత్తరపు పల్లెలలో వారు కట్టిన కొయ్యమందిరములు కొన్ని నిలిచియున్నవి. కొన్నింటిలో సినిమా లాడించిరి. కొన్నింటిలో నాటకములు, ఊరి సభలు జరిగినవి. రహస్యపు మాట నడుగుటకు వాకిట నిప్పుడు ఎవ్వరును లేరు.